తొమ్మిది ఊరికి, ఒకటి యాకోబుకి

మా భిలాయి పవర్ హౌస్ మార్కెట్టులో గోడకి కాగితాలు అంటించేవాళ్లు ఇప్పటికీ మైదాపిండి ఉడకబెట్టిన జిగురే వాడతారు. మొన్న మందుల కోసం వెళ్లి ఆటో దిగేసరికి ఓ మనిషి బకెట్టు నిండా ఆ జిగురు పెట్టుకుని కోచింగ్ సెంటరు పోస్టర్లు అంటిస్తున్నాడు. కాస్త పులిసి, కాస్త మాడిన ఆ వాసన ముక్కుకి తగలగానే మందుల చీటీ జేబులోనే ఉండిపోయింది, నేను పక్క దుకాణం మెట్ల మీద కూలబడ్డాను. మీరు నమ్మరు గాని, ఒక్క ఆదివారం పూట, మధ్యాహ్నం భోజనం వేళ కాకుండానే, నలభై వేల మందిని ఒక ఆడమనిషి గుమ్మం ముందుకు తెచ్చి నిలబెట్టినవాణ్ణి నేను. దేశదేశాల నుంచి. కుర్చీలోంచి లేవకుండా, ఒక్క వేలు కదిపి. భిలాయిలో అంతటి పని అంతకుముందు ఎవరూ చెయ్యలేదు, ఆ తరవాతా చెయ్యలేదు.

ఆ ఆడమనిషి పేరు సువార్తమ్మ. ఆమెను చూడనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, వాళ్లు నన్ను చెప్పనివ్వరు కూడా. ఆమె తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటులో ఖలాసీ కూలీగా వచ్చాడు. ఈమె ఇక్కడే పుట్టి, పెళ్లి మాట ఎత్తనివ్వకుండా, పవర్ హౌస్‌లో మిఠాయి దుకాణం పైగదిలో టైపు ఇన్‌స్టిట్యూటు నడిపింది. భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చిన నాలుగైదేళ్లకి టైపు మిషన్లు తుక్కు కింద వెళ్లిపోయి, ఆ బల్లల మీదికి నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. మిషన్ల రెగ్జిన్ ముసుగులు మాత్రం ఆమె పారెయ్యలేదు. కుట్లు విప్పి, అతుకులేసి, మానిటర్లకి తొడిగింది. హిందీవాళ్లకి ఆమె దీదీ, మనవాళ్లకి టీచరుగారు.

నేను ప్లాంటులో రైలు పట్టాల మిల్లులో క్రేను నడిపి రిటైరైనవాణ్ణి. "ఏటి, పొద్దస్తమానం నా ఎనకాలే తిరుగుతారు? ఎక్కడికన్నా పోయి ఏదన్నా నేర్చుకోండి" అని మా ఆవిడ తరిమితే ఆ మెట్లెక్కాను. మొదటిరోజే గొప్పలకి పోయాను. "ముప్ఫై టన్నుల ఇనుము గాల్లోకి లేపినవాణ్ణి టీచరుగారూ, ఈ మౌసు తిప్పలేనా?"

"ముప్ఫై టన్నులు లేపింది మీరు కాదు అన్నయ్యగారూ, క్రేను. ఇక్కడ మాత్రం మీ వేళ్లే లెగాల. కూకోండి."

నెలరోజులు నాచేత అక్షరాలు కొట్టించింది. తప్పు కొడితే మొదట్నించీ. చూడకుండా కొట్టడం వచ్చాక గాని నాకు ఇంటర్నెట్టు చూపించలేదు. ఆమె దగ్గర ఏ పనికీ అడ్డదారి ఉండేది కాదు. ఆ సంగతి నాకు అప్పుడే ఎక్కి ఉంటే ఈ కథ ఇలా రాయాల్సిన అవసరమే లేదు.

ఆ గదిలో చివరి కంప్యూటరు ఎవరికీ ఇచ్చేది కాదు. అది యాకోబుది. యాకోబు ఆమె తమ్ముడు, పక్కనే జాముల్‌లో కాంట్రాక్టు వెల్డరు. పనిలో తలకి దెబ్బ తగిలిన దగ్గర్నించీ అప్పుడప్పుడు మనుషుల్ని, దారుల్ని మరిచిపోయేవాడు. బాగైపోయాడనుకుని బంధువుల పెళ్లికి విశాఖపట్నం రైలెక్కించారు. సంచీ వెళ్లింది, మనిషి వెళ్లలేదు. పోలీసుల దగ్గర కాగితం, పేపర్లో ఫొటో, చర్చిలో ఉపవాస ప్రార్థన అన్నీ అయ్యాయి. యాకోబు భార్య రెండేళ్ల ఎస్తేరుని ఒళ్లో పెట్టుకుని గుమ్మంకేసి చూస్తూ ఉండేది. చూసి చూసి మూడో ఏడు ఆమే కన్నుమూసింది. ఆ పిల్లని పెంచింది సువార్తమ్మే.

డబ్బు కట్టక్కర్లేని ఒక సైటులో సువార్తమ్మ తమ్ముడి కోసం ఒక పేజీ కట్టింది. ఫొటో, ఎడమ ముంజేతి మీద అరచేయంత కాలిన మచ్చ, కట్టుకున్న బట్టలు. కింద ఎంతమంది చూశారో చూపించే అంకె. ఆ కింద చూసినవాళ్లు నాలుగు మాటలు రాసిపోయే పుస్తకం లాంటి చోటు. అంకె వారం గడిచినా కదిలేది కాదు. కదిలితే అది మేమే.

"అడవిలో బోర్డు పాతినట్టుంది" అన్నాను ఓ రోజు.

"అందుకే దారిలో పాతాల" అంది.

ఆ దారులే ఈ బుక్‌మార్కింగ్ సైట్లు. అప్పట్లో అవి కొత్త. ఆమె నాకు చెప్పినట్టే చెబుతాను. మనకి పనికొచ్చిన పేజీల చిరునామాలు మన కంప్యూటర్లోనే దాచుకుంటే మనకే తెలుస్తాయి. ఆ సైట్లలో దాచుకుంటే లోకానికి కనపడతాయి. ప్రతిదానికీ రెండు మూడు గుర్తుమాటలు తగిలించాలి. ఎవరో ఎక్కడో ఆ మాట వెతుక్కుంటూ వచ్చి, మనం దాచిన పేజీ చూసి, బాగుందే, ఈ మనిషి ఇంకా ఏం దాచుకుందో చూద్దాం అని మన జాబితా తిరగేస్తారు. అందులో ఓచోట యాకోబు ఉంటాడు.

"యాకోబుని చూసేవోళ్లు ఎవరు అన్నయ్యగారూ? స్టేషన్లో కూలీ, ఆశ్రమంలో వంటమనిషి, ఆసుపత్రిలో కట్లు కట్టేవోడు. ఆళ్లకి గాని, ఆళ్ల పిల్లలకి గాని ఏటి కావాల? అవి దాచాల ముందు."

అలాగే దాచింది. రైళ్ల వేళలు, కాలిన పుండు కడిగే పద్ధతి, మతిమరుపు మనిషితో మెలిగే తీరు, వందమందికి పప్పు వండే లెక్క. ప్రతి పేజీ మొదట్నించి చివరిదాకా చదివి, దాని గురించి ఒక్క వాక్యం తన మాటల్లో రాసేది. తొమ్మిది ఇతరులవి పెట్టాక గాని పదోది తమ్ముడిది పెట్టేది కాదు. చర్చిలో వాళ్లకి దశమభాగం అని ఉంటుంది, వచ్చినదాంట్లో పదోవంతు దేవుడికి. ఆమె దాన్ని తిరగేసింది. తొమ్మిది భాగాలు ఊరికి, ఒకటి యాకోబుకి.

"చదవకుండా పెట్టేస్తే తొందరగా అవుద్ది కదా" అన్నాను.

"చదవనిది బాగుందని రాస్తే అబద్ధం కాదేటి? అబద్ధం మీద నా తమ్ముణ్ణి కూకోబెట్టమంటారా?"

ఏడు నెలలు అలా చేసింది. అంకె రోజుకి మూడు, తరవాత పది, ఒక్కోసారి ముప్ఫై. ఓ శుక్రవారం ఆ పుస్తకంలో హిందీలో నాలుగు వరుసలు కనిపించాయి. రాసినవాడు ఏదో చిన్న ఆసుపత్రిలో కట్లు కడతాడట. పుండు కడిగే పద్ధతి వెతుకుతూ ఈమె జాబితాలోకి వచ్చి, అక్కణ్ణించి ఈ పేజీకి వచ్చాడు. 'మా ఊరి ఆశ్రమంలో ఇలాంటి మచ్చ ఉన్న మనిషి ఉన్నాడు. పేరు చెప్పడు. ఎప్పుడూ పళ్ల మధ్యనుంచి ఈల వేస్తుంటాడు. సోమవారం వెళ్లి ఫొటోతో పోల్చి, ఇక్కడే రాస్తాను.'

యాకోబు ఈల సంగతి మేము పేజీలో ఎక్కడా రాయలేదు.

సువార్తమ్మ తెరమీద ఆ మాట మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తరవాత, మీ ఊరేది, ఫోను నంబరు రాయండి అని దాని కిందే జవాబు కొట్టింది. నాకు తెలిసి ఆమె టైపులో తప్పులు పడ్డది ఆ ఒక్కసారే.

ఇక నా ఆదివారం. ఆమె చర్చికి వెళుతూ, జవాబు వస్తే పరిగెత్తుకొచ్చి చెప్పమని నాకు తాళం, పాస్‌వర్డు ఇచ్చింది. ఖాళీ గదిలో కూర్చున్నాను. నేను ప్లాంటులో యూనియన్ ఎన్నికలకి పోస్టర్లు అంటించినవాణ్ణి. మా పద్ధతి ఒకటే. గోడ ఎవరిదని అడక్కు, కింద ఏ కాగితం ఉందో చూడకు, తెల్లారేసరికి ఊళ్లో మన కాగితం తప్ప ఇంకోటి కనపడకూడదు. అలా మూడు ఎన్నికలు గెలిపించాను. నెగ్గింది మా జిగురేనని ఇప్పటికీ అంటాను. ఆ రోజు నా బుర్రలో తిరిగింది ఆ లెక్కే. ఒక్కడు చూస్తేనే ఇంత జరిగితే, ఊరంతా చూస్తే? తొమ్మిది తరవాత ఒకటి ఏమిటి, అదేం పద్ధతి? యాకోబు పేజీనే పెట్టాను. మళ్లీ పెట్టాను. క్రికెట్టు అని గుర్తుమాట, సినిమా అని, పరీక్ష ఫలితాలని, ఉద్యోగాలని. పైన పెద్ద అక్షరాలతో, 'అద్భుతం! చూడకపోతే నష్టపోతారు!' ఆమెకున్న ఐదు సైట్లలోనూ, చర్చి విడిచే గంట కొట్టేదాకా, వందలకొద్దీ. అంకె కదులుతుంటే క్రేను తాడు లాగుతున్నంత సంబరపడ్డాను.

నలభై వేలని అన్నాను కదా. వేలు కాదు, మొత్తం నలభై మూడే. అందులో పదిహేను నేనే, పేజీ మళ్లీ మళ్లీ తెరిచి చూసుకున్నవి. మిగతావాళ్లు క్రికెట్టు స్కోరు కోసం వచ్చి, ఒక తప్పిపోయిన మనిషి ముఖం చూసి, తిట్టుకుంటూ ఫిర్యాదు నొక్కి వెళ్లినవాళ్లు.

సోమవారం పొద్దున్న ఐదు సైట్లలోనూ ఆమె ఖాతాలు మూసేశారు. ఏడు నెలల జాబితాలు లేవు. ఫిర్యాదులు ముట్టి, పేజీ ఉన్న సైటువాళ్లు దాన్నీ పీకేశారు. ఫొటో, అంకె, ఆ పుస్తకం, ఏవీ లేవు. తెల్లటి తెర, దాని మీద ఇంగ్లీషులో ఒక్క వరుస. ఆ కట్లు కట్టేవాడు ఆ రోజే వచ్చి చూసి ఉంటాడు. వాడి ఊరు మాకు తెలీదు, నంబరు తెలీదు. వాడికి మేము తెలిసింది ఆ పేజీ వల్లనే.

ఏం చేశానో చెప్పాను. చెప్పినంతసేపూ ఆమె తెరకేసే చూసింది. ముసుగు తీసి మానిటరుకి తొడిగి, అంచులు కిందికి లాగి సర్ది, "టీ తాగుతారా అన్నయ్యగారూ?" అంది. ఆమె తిట్టి ఉంటే నేను ఇంకో పదేళ్లు బతికేవాణ్ణి.

సైటువాళ్లకి ఎన్నో ఉత్తరాలు కొట్టింది, జవాబు లేదు. ఆ విశాఖపట్నం రైలు దారిలో ఉన్న ఆశ్రమాలన్నీ వెతుకుదామని నేనే బయల్దేరదీశాను. టిట్లాగఢ్, కేసింగ, రాయగడ. ఒకచోట మేము గుమ్మంలో ఉండగా లోపల్నించి ఈల వినిపించింది. నేను ఆమెను ఎన్నడూ పరిగెత్తగా చూడలేదు, ఆ రోజు చూశాను. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు పట్టుకుని, వసారా దాటి లోపలికి. అక్కడ వంటవాడు బియ్యం ఏరుకుంటూ ఈల వేస్తున్నాడు. ఆమె అతనికి నమస్కారం పెట్టి, "ఏం లేదు భయ్యా, ఏం లేదు" అని వెనక్కి వచ్చింది.

ఆ తరవాత ఆమె యాకోబు మాట నా దగ్గర ఎత్తలేదు. చివరి కంప్యూటరు కూడా పిల్లలకి ఇచ్చేసింది. ప్రభువు చిత్తం అనుకుని మనసు కుదుటపరుచుకుందని, ఒక విధంగా ఆ తెల్లటి తెరే ఆమెకి విశ్రాంతి ఇచ్చిందని నేను అనుకుంటూ వచ్చాను. పోయినేడు ఆమె పోయినప్పుడు సమాధి దగ్గర నలుగురితోనూ అదే చెప్పాను. నాకు మిగిలింది ఒక అలవాటు. ఫోనులో ఏదొచ్చినా చివరిదాకా చదవకుండా ఇంకొకరికి పంపను. చదివి, బాగుంటే, ఎందుకు బాగుందో ఒక్క వాక్యం రాసి పంపుతాను. మా రిటైర్డు ముసలాళ్ల గ్రూపులో నన్ను చూసి నవ్వుతారు, ఈయన రోజుకొక్కటి పంపేసరికే పొద్దుగూకుతుందని. నవ్వనీండి. ప్రతిదాని దగ్గరా, ఇది ఎవరి గోడ, దీని కింద ఎవరి కాగితం ఉంది అని అడుగుతాను. ఆ అడగడం నేర్చుకోవడానికి నాకు ఒక మనిషి ఖర్చయ్యాడు.

ఇంతవరకూ రాసి, ఎస్తేరుకి వినిపించాను. ఆ పిల్లకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఇప్పుడు నర్సు, డ్యూటీ దిగి వచ్చి మా వరండాలో కూర్చుంది. మనసు కుదుటపరుచుకుందన్న చోట చెయ్యెత్తింది.

"రుకో తాతా. అది ఝూఠ్, అబద్ధం."

"ఏది?"

"అత్త మానేసిందని. మానలేదు. ఆ నెక్స్ట్ వీకే వేరే పేరుతో స్టార్ట్ చేసింది, ఇంట్లో, ఒక పాత కంప్యూటర్ కొని. రోజూ తొమ్మిది చదివి, ఒకటి నాన్నది. ఆ సైట్లు బంద్ అయితే ఇంకోటి, అదీ బంద్ అయితే ఇంకోటి. హాస్పిటల్‌కి తీసుకెళ్లిన రోజు కూడా ఏడు అయ్యాయి, ఇంకా రెండు ఉన్నాయంది."

పద్నాలుగేళ్లు పక్క వీధిలోనే ఉన్నాను. వారానికి రెండుసార్లు ఆమె చేతి టీ తాగాను.

"మరి నాకొక్క మాట చెప్పలేదేమే?"

"చెప్తే మళ్లీ సాయం చేస్తావని."