లైటు వెలుగుతోందండీ!

నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగంలో అతనికి ఇరవై రెండేళ్ళ సర్వీసు. సన్నటి మనిషి, అంతకన్నా సన్నటి గొంతు. యూనిఫాం బూడిదరంగు, మోటార్‌సైకిలూ బూడిదరంగే. ఆఫీసులో అందరూ అతణ్ణి ‘నీడ’ అంటారు. ఎదురుగా కూర్చుని ఉండగానే సూపరింటెండెంటు రెండుసార్లు గైర్హాజరు వేశాడు. అతను పోనీలే అనుకుని మర్నాడు సెలవు చీటీ రాసిచ్చాడు.

రోడ్డు మీద ఆ ‘పోనీలే’ కుదరలేదు. ఒకే ఏడాదిలో ఒక పాల వ్యాను రాసుకుపోయింది, ఉన్నట్టుండి తెరిచిన ఒక కారు తలుపు అతణ్ణి పడేసింది. మూడోసారి సాక్షాత్తూ బావమరిదే, ఇంటిముందు కారు వెనక్కి తీస్తూ గుద్దేశాడు.

“ఒట్టు బావా, కనపడలేదు!”

“వెనక నిలబడి నీకు దారి చెబుతున్నది నేనేరా,” అన్నాడు నీడ, కిందనుంచి.

దాంతో అతని భార్యకు చిర్రెత్తుకొచ్చింది. మోచేతి కట్టు ఊడకముందే బండినీ మొగుణ్ణీ మెకానిక్కు ముందు నిలబెట్టింది.

“పట్టపగలు కూడా ఈయన కనపడాలి. ఏం పెడతావో పెట్టు. బండి చూడ్డానికీ బాగుండాలి.”

“ఎరుపూ నీలం లైట్లు కలిపి మాత్రం అడక్కండమ్మా, పోలీసులనుకుంటారు,” అన్నాడు మెకానిక్కు.

పాత హెడ్‌లైటు పోయి తెల్లటి ఎల్‌ఈడీ వచ్చింది. దానికి అటూ ఇటూ, తాళం తిప్పగానే వెలిగే పగటి లైట్లు, ముందు చక్రం పైన రెండు పసుపు పట్టీలు. బండికి పదేళ్ళ వయసు తగ్గింది.

మర్నాడు వీధి మలుపు తిరిగాడో లేదో, ఎదురొచ్చే మనిషి గుప్పిట మూసి తెరిచి చూపించాడు, లైటు ఆర్పుకోమని. ఆ వెనక ఒక బస్సు డ్రైవరు. తర్వాత బడిపిల్లలు, గుంపుగా. “ఇది కావాలనే పెట్టించిందండీ...” అని చెప్పబోతే సగంలోనే వాళ్ళు దాటిపోయేవారు. ఇక లాభం లేదని తనూ చెయ్యి ఊపసాగాడు.

“ఇవాళ నలభై ఒక్కమంది నన్ను పలకరించారు తెలుసా!” అన్నాడు ఇంటికొచ్చి.

“పలకరించలేదండీ, లైటు ఆర్పమన్నారు.”

“ఏదైతేనేం, చూశారుగా!”

వారం తిరక్కుండా ఒక రిటైర్డ్ మాస్టారు స్కూటరు మీద హారన్ మోగిస్తూ వెంటపడ్డాడు. ఏం తప్పు చేశానోనని నీడ వేగం పెంచాడు. రెండు కిలోమీటర్ల తర్వాత సిగ్నల్ దగ్గర దొరికిపోయాడు.

“లైటు బాబూ, లైటు!” మాస్టారు రొప్పుతున్నాడు. “బ్యాటరీ కొండెక్కుతుంది!”

నీడ పాల వ్యానుతో మొదలుపెట్టి బావమరిది దాకా మొత్తం చెప్పాడు. మాస్టారు మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. అతని మాట చివరిదాకా విన్న మొదటి మనిషి ఆయనే.

“మరి ఈ సంగతి జనానికి తెలియొద్దూ?” అన్నాడు.

మర్నాటి నుంచి మాస్టారు రోజూ పొద్దున్నే ఆ కూడలిలో బెంచీ మీద తయారు. ఎవరైనా చెయ్యెత్తితే చాలు, “అది ఆర్పేది కాదయ్యా! దించు చెయ్యి!” అని కేక. పదిరోజుల్లో ఆ దారంతటికీ జ్ఞానం వచ్చేసింది. అందరూ అతణ్ణి చూస్తున్నారు, పక్కకు తప్పుకుంటున్నారు. భార్య ఊపిరి పీల్చుకుంది. ఒక్క చెయ్యీ లేవక నీడకే మనసు చివుక్కుమంటోంది.

ఇప్పుడతను ఇరవై నిమిషాలు ముందే బయలుదేరుతున్నాడు. తిన్నని దారి వదిలి, వంతెన అవతలి కాలనీ చుట్టి ఆఫీసుకు వెళతాడు. అక్కడివాళ్ళకు పగటి లైట్ల సంగతి ఇంకా తెలియదు. తక్కువలో తక్కువ పదిహేను చేతులు లేస్తాయి. మాస్టారికి మాత్రం ఆ దారి సంగతి చెప్పలేదు.