విస్తరి పక్కన మాత్ర

పుష్పావతి ధర్మవరం కోడలు. పుట్టింది రొద్దం దగ్గర పల్లెలో. నాయనకు మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉండేవి. పెళ్లయి మగ్గం గుంతలో కాళ్లు పెట్టినాక, అంచు నేయడంలో ఆ వీధిలో ఆమెకు పేరొచ్చింది. మాట మాత్రం మొదటినుంచీ పదునే.

ముప్పై దాటాక కడుపునొప్పి మొదలైంది. తిన్న కాసేపటికి పైకడుపులో పుట్టి వీపులోకి పొడుచుకుపోయేది. మగ్గం మీదే వంగిపోయేది. తిన్నది ఒంటికి పట్టక రవికలు భుజాల మీంచి జారసాగాయి. గ్యాస్ అన్నారు కొందరు. అత్త నాగరత్నమ్మ తాయెత్తు కట్టించింది. చివరికి ఒక ఆసుపత్రిలో స్కానింగ్ చూసినాయన, "ఇది తాగేవాళ్లకొచ్చే జబ్బమ్మా, నిజం చెప్పు" అన్నాడు. భర్త గిరిధర్ తలొంచుకున్నాడు. పుష్పావతి ఆ డాక్టరు ముఖంలోకే చూసింది.

"నేను తాగేది మగ్గం కాడ చెంబెడు నీళ్లు సార్. నా కాగితాలు ఇచ్చేయండి" అని లేచొచ్చేసింది.

హిందూపురంలో పద్మజ అనే డాక్టరమ్మ దగ్గర సంగతి తేలింది.

"కడుపు వెనక క్లోమం అని ఒక గ్రంథి ఉంటుందమ్మా. తిండిలోని ప్రొటీన్లను ముక్కలు చేసే ట్రిప్సిన్ అక్కడే తయారవుతుంది. మూసి ఉన్న కత్తెర అనుకో. పేగులోకి పోయాకే తెరుచుకోవాలి. నీకు గ్రంథిలోనే తెరుచుకుని, ఆ గ్రంథినే కత్తిరించేసింది. తాగనివాళ్లకూ వస్తుంది. కొందరికి అది పుట్టుకతో వచ్చే గుణం."

"ఇన్నావా?" అంది పుష్పావతి భర్త వైపు తిరిగి.

పాడైన గ్రంథి ఇక చాలినంత పని చేయదు. అందుకని భోజనం చేసినప్పుడల్లా, తిండి అరిగించే ఆ రసాలున్న మాత్ర మింగాలి. ఆ మాత్ర దేంతో చేస్తారని ఆమే అడిగింది. పంది క్లోమంతో అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మాంసం ముట్టని ఇల్లు వాళ్లది. గిరిధర్ కుర్చీలో కదిలాడు.

"పందిది మనిషికెట్ల పనిచేస్తాది మేడమ్?" అన్నాడు.

"ఈ కత్తెర మనిషి పుట్టకముందు నుంచీ ఉంది. చేపకూ గొర్రెకూ పందికీ మనకూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చింది. వచ్చే దారిలో కొంచెం కొంచెం మారుతూ కొత్త పనులు నేర్చింది. గాయమైతే నెత్తురు గడ్డకట్టించేదీ దాని దాయాదే. పట్టుపురుగు రెక్కలొచ్చి చిలుకయ్యాక గూడు మెత్తబరిచే చుక్క ఉంటుందే, అదీ ఆ కుటుంబమే."

ఆ చుక్క పుష్పావతికి తెలుసు. నాయన గూళ్లు అమ్మడం ఆలస్యమైతే, చిలుకలు గూడు కొనను నోటితో తడిపి, మెత్తబడినచోట తలతో తోసుకుని బయటికొచ్చేవి. చిల్లుపడ్డ గూటి దారం తెగుతుంది, మార్కెట్లో ఎవరూ ముట్టరు. అందుకే అవి చిలుకలు కాకముందే వేడి పెట్టి చంపేస్తారు. బస్సులో వస్తున్నంతసేపూ ఆమెకు ఆ చిలుకలే కళ్లముందు ఆడాయి.

"పంది మాత్ర మింగి నా దేవుని గదిలో అడుగుపెట్టగాకు" అంది నాగరత్నమ్మ, ఇంటికొచ్చిన కోడలు సంగతి చెప్పగానే.

"అమ్మకు తెలీకుండా మింగు, పోనీ" అన్నాడు గిరిధర్.

"దొంగతనంగా మింగను. నేనేం తప్పు చేసినా?" అని, మాత్రల సీసా వంటింటి గూట్లో ఉప్పుడబ్బా పక్కనే పెట్టింది.

చౌడేశ్వరమ్మ జ్యోతి పండుగకు బంధువులంతా వచ్చారు. విస్తర్లు వేశాక నాగరత్నమ్మ కోడల్ని వెనక వసారాలో తినమంది. పుష్పావతి పోయి వరుస మధ్యలో కూర్చుంది. మాత్ర తీసి విస్తరి పక్కన పెట్టింది. అందరూ చూశారు.

"లెయ్యి మే. పట్టుచీర కట్టుకొని ఆ అంటు పక్కన పెట్టుకుంటావా?"

"అత్తా, ఈ చీరకు ఎన్ని పురుగుల్ని ఉడకబెట్టినారో మా నాయన షెడ్డులో పెరిగినదాన్ని, నాకు తెలుసు. దీన్ని మడి అంటివి. నా పానం నిలబెట్టేదాన్ని అంటు అంటివి. యాడిది ఈ న్యాయం? నేను లేయను."

మాత్ర మింగి, అన్నంలో చెయ్యి పెట్టింది.

నాగరత్నమ్మ లేచి వెళ్లిపోయింది. ఆమె వెంట ఇద్దరు లేచారు. మూడో ఆమె లేవబోతుంటే, గిరిధర్ మేనత్త చౌడక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "కూచో. ఆ పిల్ల ఒళ్లు ఎట్లయిపోయిందో చూసినావా? నాకు పప్పు ఎయ్యండి" అంది. గిరిధర్ చాలాసేపు గరిటె పట్టుకుని నిలబడి, మొదట భార్య విస్తట్లోనే పప్పు వేశాడు.

అత్త వేరే పొయ్యి పెట్టుకుంది. పుష్పావతి బతిమాలలేదు. నొప్పి పూర్తిగా పోలేదు కానీ, తిన్నది ఒంటికి పట్టసాగింది. మళ్లీ పూటంతా మగ్గం మీద కూర్చుంటోంది.

మొన్నొకనాడు వెనక వీధి పోతులయ్య తన కొడుకుని వెంటబెట్టుకుని వాకిట్లోకొచ్చాడు. కుర్రవాడు ఎండిపోయి ఉన్నాడు.

"వీడు చుక్క ముట్టడమ్మా. కడుపునొప్పి అంటే అందరూ తాగుబోతు అంటాండారు. నువ్వు పొయ్యే డాక్టరమ్మ యాడుంటాదో చెప్పు. మెల్లగా చెప్పు, ఎవరన్నా ఇంటారు."

"వీనిది నా జబ్బో కాదో నాకు తెలీదన్నా, ఆయమ్మే చెప్పల్ల" అంటూ పుష్పావతి మగ్గం దిగి వచ్చింది. "నాదే అయితే మాత్రం ఇయ్యాల్సింది పంది మాత్రే. ఇంటే ఇననీ. మీరూ దాచిపెట్టగాకండి."

లోపల నాగరత్నమ్మ గట్టిగా దగ్గింది. పుష్పావతి గొంతు తగ్గించకుండానే హిందూపురం ఆసుపత్రికి దారి చెప్పసాగింది.