ఐదు లక్షల పదివేల ఐదువందల పది

ఇసుక రేణువుల లెక్క సైతం తెలిసిన దేవునికి స్తోత్రం.

మా బద్వేలు సంఘంలో లెక్కల సారును ఎరుగనివారు లేరు. పక్షవాతం నుంచి లేచాక ఆయనకు ఒక అలవాటైంది. ఆదివారం ఆరాధన ముగియగానే గుడి అరుగు మీద కూర్చుని ఐదు లక్షల పదివేల ఐదువందల పదిని నోటితోనే భాగించేవారు. మొదటి ఏడు ప్రధాన సంఖ్యలను గుణిస్తే వచ్చే సంఖ్య అది. రెండు మొదలు పదిహేడు దాకా ఆ ఏడింటితో వరుసగా భాగిస్తే చివరికి ఒకటి వస్తుంది.

"ఒకటి వచ్చిందంటే నా తలకాయ ఇంకా నాదేనప్పా," అని నవ్వేవారు.

ఒక ఆదివారం పదకొండుతో భాగించాక, రెండువందల ఇరవై ఒకటి దగ్గర ఆగిపోయారు.

"ఇంతేనప్పా. దీన్ని ఇంకేదీ భాగించదు."

"పదమూడుతో చూడండి సార్," అన్నాను.

ఆయన వేళ్లు కాసేపు కదిలి ఆగాయి. "పదమూడు యాడిదప్పా?"

సారు భార్య కిందకు వంగి ఆయన పాదాలకు చెప్పులు తొడుగుతూ, "ఈ పొద్దుకు సాలు, ఇంటికి పోదాం పాండి," అంది.

ఆయన ఆమెను తేరిపార చూసి, నా వైపు తిరిగి మెల్లగా అడిగారు. "ఈ యమ్మ ఎవరప్పా? శానా మంచిదాని మాదిరుండాది."

ఆమె తల ఎత్తలేదు. రెండో చెప్పు కూడా తొడిగింది.

చదివేవారు నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, లెక్కలన్నీ పోతే పోనీ. ఆమె పేరు ఒక్కసారి ఆయన నోట పలికించు. ఆమేన్.