వత్తులు రాలిన పాఠాలు

చౌడేశ్వరి నోటికి యూనివర్సిటీలో అందరూ జంకేవాళ్లు. గుమ్మఘట్ట దగ్గర గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, ఎంసీఏ చదివి, అనంతపురంలో ఆన్‌లైన్ కోర్సుల విభాగంలో ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. తప్పు కనిపిస్తే ప్రొఫెసరైనా సరే, మొహం మీదే అనేసేది.

ఆ వేసవిలో యూనివర్సిటీవాళ్లు పాత పోర్టల్ మూసేసి కొత్తది తెచ్చారు. కోర్సులన్నీ అందులోంచి ఇందులోకి మార్చే పని ఆమెకే పడింది. ఇంగ్లిషులో ఉన్న కామర్స్, లెక్కలు పెద్ద గొడవ లేకుండా మారిపోయాయి. బి.ఏ. తెలుగు దగ్గర చిక్కొచ్చింది. ఆ పాఠాలు ఎప్పుడో పాత డీటీపీ ఫాంటులో కొట్టినవి. కొత్త పోర్టల్లో తెరిస్తే పిచ్చి గుర్తులు తప్ప ఒక్క తెలుగు అక్షరం లేదు. మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది గానీ, అది వత్తులను మింగేస్తోంది. ఎవరో ఒకరు కూర్చుని పేజీ పేజీ దిద్దాలి.

పాఠాలు రాసిన నాగరత్నమ్మ తెలుగు శాఖకు పెద్ద. చౌడేశ్వరి ఆమె గదికి వెళ్లి విషయం చెప్పింది.

"నేనొకసారి రాసిచ్చినాను. మళ్లా దిద్దేదానికి నేనేమన్నా నీ కింద గుమాస్తానా?" అంది నాగరత్నమ్మ.

"పాఠం మీది మేడం. నేను దిద్దితే, రేపు చెడగొట్టినానని మీరే అంటారు."

"నువ్వు దిద్దేదేంది? మీ పక్క సగం కన్నడమే కదమ్మా మాట్లాడేది. నీకు తెలుగు యాడ వచ్చు?"

గదిలో ఉన్న లెక్చరర్లు నవ్వారు. చౌడేశ్వరి బయటికొచ్చేసింది. డైరెక్టర్ జాకబ్‌కు చెబితే ఆయన తలెత్తకుండానే, "కోర్సులు తెరిచే తేదీ మారదు. మీరూ మీరూ తేల్చుకోండి" అన్నాడు.

తయారుకాని కోర్సును పిల్లలకు కనపడకుండా దాచి ఉంచే వీలుంది. చౌడేశ్వరి దాచలేదు. పైన నాగరత్నమ్మ ఫొటో, పేరు, డిగ్రీలు పెట్టి, కింద వత్తులు రాలిపోయిన పాఠాలు పెట్టి, పరీక్షతో సహా తెరిచేసింది. కావాలనే చేసింది.

అనుకున్నట్టే అయింది. ఆ పేజీ ఫొటోలు వాట్సాప్‌లో ఊరంతా తిరిగాయి. నాగరత్నమ్మ రొప్పుతూ విభాగంలోకి వచ్చింది.

"నా పరువు బజారుకీడ్చినావు కదే!"

"ముందే చెప్పినాను మేడం. మీకే తీరిక లేకపోయె."

ఆ మాట అంటున్నప్పుడు చౌడేశ్వరికి కడుపు చల్లబడింది. చాలా రోజుల తర్వాత ఆ రోజు అన్నం హాయిగా తినింది.

ఆ వారంలోనే లక్ష్మక్క వచ్చింది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో పని చేస్తూ, నలభై దాటాక బి.ఏ. చదువుతున్న మనిషి. మళ్లీ పోట్లాటకు వచ్చిన నాగరత్నమ్మ అక్కడ ఉండగానే, నేరుగా చౌడేశ్వరి బల్ల దగ్గరికొచ్చి ఫోన్ చూపించింది.

"ఏందిది? ఒక జవాబు పదం, ఇంగో జవాబూ పదమే. ఒకటి నొక్కితే తప్పంటాది. ఫెయిలని వచ్చినాది."

ఒకటి 'పద్యం'. య వత్తు రాలి అదీ 'పదం' అయింది.

"ఈమె చేసిన పని" అంది నాగరత్నమ్మ. "దిద్దనన్నది ఆమె" అంది చౌడేశ్వరి.

"ఆపండి!" లక్ష్మక్క అరుపుకు పక్క గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. "మీకూ మీకూ జగడముంటే మీరు కొట్టుకు సావండి. మా బతుకు మీద యాలమ్మా మీ పంతం? పని ఎగ్గొట్టి బస్సెక్కి వచ్చినా. ఇది సరిచేసేదాకా నేనీడనుంచి లేసేది ల్యా."

కుర్చీ లాక్కుని కూర్చుంది. నాగరత్నమ్మ రేపు రమ్మంది. లక్ష్మక్క కదల్లేదు.

చౌడేశ్వరికి మొహం మాడిపోయింది. నాగరత్నమ్మను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనే చూసింది గానీ, ఆ పరీక్ష రాసేదెవరని ఒక్కసారి కూడా తలచుకోలేదు. పరీక్ష రద్దు చేసి, కోర్సు మూసేసింది. నాగరత్నమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి, చివరికి పక్క కుర్చీలో కూర్చుంది.

"మొదటి పేజీ తియ్యి" అంది, చౌడేశ్వరి వైపు చూడకుండా.

నాగరత్నమ్మ చదువుతుంటే చౌడేశ్వరి కొట్టింది. ఆ పేజీ పూర్తయ్యాకే లక్ష్మక్క లేచి వెళ్లింది. తప్పు కొడితే "కండ్లు లేవా?" అని ఆమె, తొందరపడి చదివితే "నిదానం" అని ఈమె. మంచినీళ్లు కూడా ఎవరివి వాళ్లే తాగారు. అలా రోజూ కసురుకుంటూనే పాఠాలన్నీ ముగించారు. పరీక్ష మళ్లీ పెట్టారు. లక్ష్మక్క పాసైంది.

వాట్సాప్ గొడవ జరిగిన రోజే నాగరత్నమ్మ జాకబ్‌కు ఫిర్యాదు రాసిచ్చి ఉంది. జాకబ్ పిలిచి అడిగితే చౌడేశ్వరి దాచలేదు.

"తెలిసే తెరిచినాను సార్. లక్ష్మక్కకు జరిగిందానికి తప్పు నాదే. ఆ మేడమ్‌కు మాత్రం క్షమాపణ చెప్పను."

ఆమెను హాస్టల్ ఆఫీసుకు మార్చారు. వెళ్లేముందు తన కంప్యూటర్ తుడిచి, పాస్‌వర్డులు అప్పగించింది. వరండాలో నాగరత్నమ్మ ఎదురైంది. ఇద్దరిలో ఎవరూ పక్కకు జరగలేదు. భుజాలు రాసుకున్నాయి. ఎవరి దారిన వాళ్లు నడిచిపోయారు.