నీలం అంగీల మేస్త్రి

మేస్త్రి పోయాడన్న వార్త మస్కట్ అవతల ఎడారి ఊరు ఇబ్రిలో మా రూమ్ కింద ఉన్న బఖాలాకు ఫోన్‌లో వచ్చింది. ఇక్కడ కిరాణాకొట్టును అందరం బఖాలా అనే అంటాం. సబ్బు కొనుక్కుందామని నేను దిగితే, కొట్టు మలయాళీ రిసీవరు నా చేతిలో పెట్టాడు. అవతల మేస్త్రి భార్య, ఊరిదగ్గరి ఎస్టీడీ బూతు నుంచి. "మీ అన్న తెల్లారంగ పోయిండు తమ్మీ. నిద్రల్నే పోయిండు, తిప్పలు పడలే" అంది. నేనేదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. ఆమె చివరన అన్నది మాత్రం గుర్తుంది. "నిన్న గూడ గా ఆట ముచ్చటే తీసిండు. తమ్మి వచ్చినంక చూద్దమన్నడు."

ఆ ఆట ఏమిటో చెప్తాను, నవ్వకండి. క్రికెట్ కాదు, కబడ్డీ కాదు. ఆస్ట్రేలియావాళ్ళు తమ దేశంలో తమకోసం కనిపెట్టుకున్న ఫుట్‌బాల్. కరీంనగర్ జిల్లా తాపీమేస్త్రికి దాంతో ఏం పనని మా క్యాంపులో కూడా మొదట అందరూ నవ్వారు. ఆ నవ్వినవాళ్ళే తర్వాత గురువారం వస్తే గబగబా అన్నం తినేసి, ముందు వరసలో చోటు పట్టుకునేవాళ్ళు.

ఎనభైల చివర్లో నేను ఈ కంపెనీలో టైమ్‌కీపర్‌గా చేరేనాటికి ఆయన ఇక్కడ పాత కాపు. నేను చేరిన మొదటి వారమే ఇబ్రి ఎండకు సైట్‌లో కళ్ళు తిరిగి కూలబడ్డాను. ఆయన తన తువ్వాలు తడిపి నా తలకు చుట్టి, "నెత్తి మీద తడిగుడ్డ, కడుపుల ఇంత గంజి. మిగిలిందంత గదే అయితది తమ్మీ" అన్నాడు. నిజంగానే మిగిలినదంతా అదే అయింది. ఇన్నేళ్ళు ఇక్కడ నిలబడ్డానంటే ఆ తువ్వాలు చలవే.

ఆటతో ఆయనకు పరిచయం ఒక శుక్రవారం జరిగింది. మా సైట్‌కు ఆస్ట్రేలియా ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఆయన స్నానాలగదిలో టైల్స్ ఊడితే అతికించడానికి మేస్త్రి వెళ్ళాడు, ఇంగ్లీషు మాటకు తోడు నేను వెళ్ళాను. ముందుగదిలో ఇంజనీరు వీడియోలో ఏదో ఆట చూస్తున్నాడు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, ఆ గుడ్డులాంటిదే మైదానం. ఒకడు బంతికోసం ఎగిరి, ముందున్నవాడి భుజాల మీద మోకాలు పెట్టి, ఆకాశంలో దాన్ని పట్టుకున్నాడు. మేస్త్రి తాపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఓరి వీని పాడుగాను! మనిషి మీదికెళ్ళి ఎక్కిండు, తప్పు గాదంటనా?" అన్నాడు. కాదని ఇంజనీరు చెప్పాడు. ఆ తర్వాత రెండు గంటలు మేస్త్రి అక్కడి నుంచి కదల్లేదు. గమేళాలో కలిపి ఉంచిన సిమెంటు మాలు బిగుసుకుపోయింది. మాలు పాడుచేసుకున్న మేస్త్రిని ఆయనలో నేను చూడడం అదే మొదటిసారి.

నియమాలు ఆయన ఒక్కపూటలో పట్టేశాడు. రెండువైపులా నాలుగేసి గుంజలు. నడిమి రెంటి మధ్యనుంచి తంతే ఆరు, పక్క గుంజల మధ్యకు పోతే ఒకటి. ఇంజనీరు జట్టుకు నల్లచారల అంగీలు. వాళ్ళకు తాతల కాలం నుంచి పడనివాళ్ళు అదే ఊళ్ళోని ఇంకో జట్టు, నీలం అంగీలు. పేర్లు మాకు నోరు తిరక్క రంగులతోనే పిలిచేవాళ్ళం. మేస్త్రి నీలం అంగీలవైపు చేరాడు. కారణం ఆ జట్టులోని ఒక బట్టతల పొట్టివాడు. "ఎన్నిసార్లు పడేసిన లేస్తుండు సూడు, నడుం తుడుసుకోకుండ లేస్తుండు" అనేవాడు. నేను ఇంజనీరుతో పాటు చారలవైపు. చారలు గెలుస్తూ ఉండేవి, అదే అసలు కారణం.

ఇంజనీరు తమ్ముడు అక్కడ టీవీలో ఆట రికార్డు చేసి పోస్టులో పంపేవాడు. టేపు మస్కట్ చేరి, అక్కడినుంచి కంపెనీ పికప్‌లో మా దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఆట అయిపోయి పదిహేను రోజులు దాటేది. ఫలితం ఉత్తరంలో రాయొద్దని తమ్ముడికి ఇంజనీరు గట్టిగా చెప్పి పెట్టాడు. ఇక్కడి పేపర్లో ఆ ఆట ఊసే ఉండదు. కాబట్టి లోకానికి ఎప్పుడో ముగిసిన ఆట మాకు మాత్రం రేపటి ఆట.

శుక్రవారం సెలవు, మెస్‌హాల్లో ఆట. గురువారం ఒంటిపూట డ్యూటీ, సాయంత్రం ముచ్చట. ఆ ముచ్చట మేస్త్రిది. షట్టరింగ్ ప్లైవుడ్ ముక్క ఒకటి నేలమీద పరిచి, దానిమీద సున్నంతో గుడ్డు గీసేవాడు. పగిలిన టైల్స్‌ను సమంగా కొట్టి పద్దెనిమిది నీలం పెచ్చులు, పద్దెనిమిది తెల్ల పెచ్చులు చేసుకున్నాడు. తెల్లవాటికి బొగ్గుతో చారలు. నాలుగేసి మేకులు గుంజలు. ఆ మేకులు కొంచెం వంగినా ఊరుకునేవాడు కాదు, తూకం గుండు పెట్టి చూసేవాడు.

"ఇగో, వీడు పొడుగోడు. వీనికి ఇద్దర్ని కట్టేస్తం. అప్పుడు మన పొట్టోడు గిట్లకెళ్ళి ఉరుకుతడు" అని పెచ్చును జరిపేవాడు.

"ఉరికితే మా వాడు ఊరుకుంటాడా అన్నా?" అని నేను అడ్డం పడేవాణ్ణి.

"మీవోనికి గాలి ఎదురున్నది తమ్మీ. జర ఆగు, గాలి యాది మర్సినవ్."

అక్కడ ఆ రోజు గాలి ఎటు వీచిందో ఎవరికి తెలుసు? అయినా మాకు గాలి తగిలేది. సిమెంటు బస్తా మీద కూర్చున్న ఇంజనీరు "నో, నో, మేస్త్రీ" అని లేచి తన పెచ్చులు తాను సర్దుకునేవాడు. ఓడినవైపు వాళ్ళు గెలిచినవాళ్ళ బట్టలుతకాలన్నది పందెం. నీలం అంగీలు ఎక్కువగా ఓడేవి. మేస్త్రి శనివారం మా బట్టలు ఉతికి ఆరేస్తూ కూడా, వచ్చేవారం పొట్టివాణ్ణి ఎక్కడ నిలబెట్టాలో చెప్తూనే ఉండేవాడు. ఒకసారి అడిగాను, ఇన్నిసార్లు ఓడే జట్టు మీద అంత సంబరం ఏమిటని. "చూడని ఆటల ఓడినోడు ఎవ్వడు లేడు తమ్మీ" అన్నాడు, నా చొక్కా పిండుతూ.

తొంభైల మొదట్లో ఒక ఏడు నీలం అంగీలు ఫైనల్‌కు వచ్చాయి. ఎదురుగా చారలే. క్యాంపు ఊగిపోయింది. అదే నెలలో మేస్త్రికి ఎగ్జిట్ వచ్చింది, ఇక ఇంటికి పొమ్మని. మోకాళ్ళు అరిగి, ఇంక పరంజా ఎక్కలేనని ఆయనే రాసిచ్చిన కాగితానికి జవాబది. టికెట్ గురువారానికి. టేపు అప్పటికి రాదు.

ఆఫీసులో బంతాట కోసం టికెట్ జరపమని అడిగితే తంతారు. ఆయన ఏం చేశాడంటే, పని ఏనాడూ మిగల్చని మనిషి, స్కూల్ బిల్డింగులో తన వంతు గోడ మీద చాప వెడల్పున ప్లాస్టర్ చెయ్యకుండా వదిలేశాడు. "సార్, పని బాకీ ఉన్నది, నేనే పూర్తి చేస్త" అని ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంజనీరు పక్కనే ఉండి, అవును, ఆ గోడకు ఇతనే కావాలి అని ముఖం బిగించి చెప్పాడు. వారం పొడిగించారు. ఆ వారమంతా ఆయన పెచ్చులు జరుపుతూ, పికప్ దారి చూస్తూ గడిపాడు. పోస్టు రోజున పికప్ వచ్చింది. నట్లు, పెయింటు డబ్బాలు, ఉల్లిగడ్డలు. టేపు లేదు.

బుధవారం ఆయన ఆ చాప వెడల్పు గోడ పూర్తిచేశాడు. ఎక్కడ ఆగి, ఎక్కడ మొదలుపెట్టాడో అతుకు కనబడకుండా చేశాడు. ఆ సాయంత్రమే ముచ్చట పెట్టాడు, అంత పెద్ద ముచ్చట మా క్యాంపులో మళ్ళీ జరగలేదు. పంజాబీ డ్రైవర్లు, బెంగాలీ వంటవాళ్ళు అందరూ గుమిగూడారు. పొట్టివాణ్ణి మొట్టమొదటిసారి నట్టనడుమ పెట్టాడు. "రేపు సూడుండ్రి!" అని చప్పట్లు చరిచాడు. టేపు ఇంకా రాలేదని, రేపు తాను ఉండడని ఆ నిమిషం ఆయనకే గుర్తు లేదు.

బండి ఎక్కేముందు పెచ్చుల సంచి నా చేతికిచ్చాడు. "మీరు సూడుండ్రి. నాకు మాత్రం చెప్పొద్దు. ఉత్తరంల రాయొద్దు, ఫోన్ల అనొద్దు. టేపు పట్టుకరా, నేను సూస్త." ఎక్కి కూర్చుని మళ్ళీ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒట్టు" అన్నాడు. ఒట్టు అన్నాను.

టేపు శనివారం వచ్చింది. రెండే రెండు రోజులు. నాకు పట్టరాని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ తర్వాతి శుక్రవారం ఆట చూశాం. దాని గురించి ఇక్కడ కూడా ఏమీ రాయను.

మరుసటి ఏడు సెలవుకు పోతూ టేపు తీసుకెళ్ళాను. మేస్త్రి పక్క ఊరినుంచి టీవీ, వీసీఆర్ అద్దెకు తెప్పించి వాకిట్లో పెట్టించాడు. ఊరు ఊరంతా వచ్చింది. పెచ్చులు నేను తెచ్చాననగానే నేలమీద గుడ్డు గీశాడు. నావైపు ఒక్కసారి చూసి, చటుక్కున కళ్ళు మూసుకున్నాడు. "తమ్మీ, నీకు దాచుడు రాదు. నీ మొఖం మీద కనవడ్తది. గోడ దిక్కు తిరిగి కూసో." పశువుల కొట్టం గోడ వైపు తిరిగి గంటసేపు కూర్చున్నాను, వెనక ఊరివాళ్ళ నవ్వులు. ఆయన మాత్రం నవ్వలేదు. ఒక్కొక్క పెచ్చు ఎవరో, ఎట్లా ఉరుకుతాడో, ఎందుకు ఈసారి పొట్టివాడిదే ఆట అవుతుందో అందరికీ చెప్పాడు. టేపు పెట్టారు. జట్లు మైదానంలోకి ఉరుకుతున్నాయి. కరెంటు పోయింది.

రాలేదు. మర్నాడు అద్దెవాడు డబ్బా తీసుకుపోయాడు, నా సెలవూ అయిపోయింది. మేస్త్రి టేపును గుడ్డలో చుట్టి, లైను దారంతో తాపీపనివాళ్ళు వేసే ముడి వేసి అటక మీద పెట్టాడు. రెండేళ్ళకు మళ్ళీ వెళ్ళి, నేనే వీసీఆర్ తెస్తానన్నాను. వద్దన్నాడు. "ఆట రేపున్నదంటే పానం లేసొస్తది తమ్మీ. ఇంకో ఏడు ఉండనియ్యి." ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ నన్ను గోడవైపు కూర్చోబెట్టి ముచ్చట పెట్టేవాడు. మోకాళ్ళ నొప్పి, మందులు, వేటి గురించీ మాట్లాడేవాడు కాదు. ప్రతిసారీ పొట్టివాణ్ణి కొత్తచోట నిలబెట్టేవాడు. చెప్పెయ్యనా అన్నా అని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పనందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది, బాధగానూ ఉంది.

నిన్న మేస్త్రి ఊరి మనిషి సెలవు నుంచి వస్తూ వదిన పంపిన సంచి తెచ్చాడు. ఆయన ఫోటో, పెచ్చులు, ముడి విప్పని టేపు. "ఆయన ఎవ్వల్ని ముట్టనియ్యలే. క్యాంపోళ్ళు చూస్తే ఆయన చూసినట్టే అన్నది వదినె" అని చెప్పాడు.

ఇంజనీరు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆ ఆట చూసినవాళ్ళలో క్యాంపులో మిగిలింది నేనొక్కణ్ణే. ఫోటోను మెస్‌హాల్లో టీవీ మీద పెట్టి, ఇవాళ గురువారం కనక, కొత్తగా వచ్చిన నలుగురు నిర్మల్ మనుషులకు ఆట ఏమిటో చెప్పాను. అరగంటలో వాళ్ళు ప్లైవుడ్ తెచ్చారు, సున్నం తెచ్చారు, రెండుజట్లుగా చీలిపోయారు. నీలం పెచ్చులు పట్టుకున్నవాడు, "గీ పొట్టోన్ని నడుమ పెడితే రేపు మాదే!" అని అరుస్తున్నాడు. వాడికి పొట్టివాణ్ణి గురించి చెప్పింది నేనే, నడుమ పెట్టమని మాత్రం నేను చెప్పలేదు.

"అన్నా, నీకు తెలుసు గదా. ఎవలు గెలుస్తరు?" అని అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు.

నేను లేచి, కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను.