సాగనంపడానికి వచ్చినావిడ

యుద్ధం నడుస్తున్న రోజులవి. నేను మెదక్‌లో మిషన్ బడి పంతులమ్మను. ఒక మధ్యాహ్నం అబిడ్స్‌లో పని చూసుకుని వచ్చి, నాంపల్లి స్టేషన్‌లో ఆడవాళ్ల వెయిటింగ్ రూములో కూర్చున్నాను. ఎదురుబల్ల మీద ఒకావిడ గోడవైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది. నాకన్నా పదేళ్లు పెద్దదై ఉంటుంది. మంచి నేతచీర, ఒళ్లో ఖాళీ సంచి.

కొడుకునో తమ్ముడినో యుద్ధానికి, పల్టన్‌లోకి పంపి ఉంటుందనుకున్నాను. మంచినీళ్లిచ్చి, "ఎవర్ని బండెక్కించిన్రక్కా?" అని అడిగాను.

ఆమె తలుపువైపు ఒకసారి చూసి, మెల్లగా చెప్పింది. "ఎవర్ని లేదు చెల్లె. బేగం బజార్ల సామాన్లు తెస్తనని ఇంట్ల చెప్పి గీడికొస్త. ఇంట్ల ఏడిస్తే ఏమైందని అడుగుతరు. ఏమైందో నాకే తెల్వదు. గీడైతే ఎవరో ఊరికి పోయిన్రనుకొని ఊకుంటరు."

"మీ ఆయనకు చెప్పరాదా?"

"మంచోడు. ఏం తక్కువ చెయ్యలే. గందుకే, ఏమని చెప్పాలె?"

దగ్గరికి జరిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను. నా బండి వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

నేను ఎక్కాక ఆమె కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఈసారి ముఖం దాచుకోలేదు. బండి కదులుతుంటే అంతమంది ముందూ ఏడుస్తూ నాకు చెయ్యి ఊపింది.

నా పక్కన కూర్చున్న ముసలామె, "మీ అక్కనా?" అని అడిగింది.

ఔనన్నాను.