కొండమీద తుమ్మింది ఎవరు?

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాడిని. నా ఖాళీ తలలో దూరితే దెయ్యానికైనా ఏం తోస్తుంది? శకునాలను అసలే నమ్మను. పొద్దస్తమానం అందరినీ ఆటపట్టిస్తుంటానని ఈ సంగతిని కూడా నా జోకుల్లో కలిపేస్తున్నారు. అక్కడే నాకు ఒళ్లు మండుతోంది. ఆ రోజు నేను చచ్చిపోవాల్సినవాడిని. అది జోకు కాదు.

మేముండేది దేశం కాని దేశంలో, కాజిల్‌బార్ అనే వానల ఊళ్లో. మా ఆవిడ సుజాత ఆసుపత్రిలో నర్సు, నేను ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంటవాడిని. సోమవారాలు నాకు సెలవు. జూన్ మొదట్లో ఒక సోమవారం తెల్లారేసరికి ఎండ కాసింది. ఇక్కడ ఎండ కాసిన రోజు ఇంట్లో కూర్చుంటే పాపం తగులుతుంది. దగ్గర్లోని కొండమీద రెండు సరస్సులున్నాయి. కింది దానిదాకా కాలిబాట ఉంది. పై దానికి వెళ్లాలంటే చేతులతో రాళ్లు పట్టుకుని ఎగబాకాలి. ఒక్కడినే బయల్దేరాను.

గుమ్మం దాటుతుంటే సుజాత తుమ్మింది. ఒక్క తుమ్ము.

“ఏమండీ, ఓ నిమిషం కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లండి.”

“ఇది పుప్పొడి సీజన్. నువ్వు తుమ్మినప్పుడల్లా కూర్చుంటే నేను సెప్టెంబర్‌దాకా లేవక్కర్లేదు” అని నవ్వి వచ్చేశాను.

కొండ కింద కార్లు ఆపేచోట నా కారొక్కటే ఉంది. కింది సరస్సు దగ్గర ఎవరూ లేరు. రాళ్లు పొడిగా ఉన్నాయి, గాలి లేదు. ఎగబాకుతూ దాదాపు పైదాకా చేరాను. నెత్తిమీద ఫ్రిజ్ అంత బండ ఒకటుంది. దాని అంచు పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటే పై సరస్సు కనిపిస్తుంది. కుడిచెయ్యి ఎత్తాను.

నా భుజం వెనకాల ఎవరో తుమ్మారు.

మగమనిషి తుమ్ము. గట్టిగా, చివర హమ్మయ్య అన్నట్టు. అలవాటుకొద్దీ “చిరంజీవ” అన్నాను. దెయ్యానికి దీర్ఘాయుష్షు దీవించినవాడిని లోకంలో నేనొక్కడినే అయ్యుంటాను.

వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. కింది సరస్సుదాకా అంతా బోడి రాయే. కోడిపెట్ట దాక్కోవడానికి కూడా పొద లేదు. గొర్రె కూడా లేదు.

ఎందుకో తెలియదు, పక్కకి జరిగి ఒక గట్టుమీద కూర్చున్నాను. సీసా తీసి నీళ్లు తాగాను. నీళ్లు ఇంకా గొంతు దిగలేదు, ఆ బండ కదిలింది. నేను ముట్టుకోలేదు. మెల్లగా ముందుకు ఒరిగి, అంతకుముందు నేను నిలబడ్డచోటు మీదుగా దొర్లుకుంటూ వెళ్లి కింది సరస్సులో పడింది. 

పై సరస్సు చూడలేదు. గడ్డి ఉన్న వాలు వెతుక్కుని, కూర్చుని జారుతూ దిగొచ్చాను.

మర్నాడు పనిలో చెప్పాను. గిన్నెలు కడిగే పాడ్రిగ్, పుట్టింది ఈ కొండల కిందే, “గొర్రె తుమ్మి ఉంటుందిలే, నువ్వు గ్రాండ్‌గానే ఉన్నావుగా” అన్నాడు. ఇక్కడివాళ్లకి గ్రాండ్ అంటే బాగానే ఉండటం. భోజనానికొచ్చిన ఒక తెలుగు డాక్టరు అంకుల్ “కడుపు ఖాళీగా ఉంటే అలాంటివి వినిపిస్తాయి బాబూ” అన్నారు. పొద్దున నాలుగు పెసరట్లు తిన్నవాడికి కడుపు ఖాళీయా? ఇక గొర్రె సంగతి. ఎండుమిర్చి తిరగమోత పెట్టడమే నా బతుకు. రోజంతా తుమ్ముల మధ్య ఉంటాను. తుమ్మింది ఎవరో తిరిగి చూడకుండా చెప్తాను. అలాంటి నాకు మనిషికీ గొర్రెకీ తేడా తెలియదట!

తరవాతి సోమవారం మళ్లీ వెళ్లాను. బండ ఉన్నచోట పచ్చి మట్టి గుంట ఉంది. ఫోటో తీసి చూపిస్తే, గుంట నేనే తవ్వానన్నారు.

తుమ్మిందెవరో ఈరోజుకీ నాకు అంతుపట్టలేదు. సుజాత గెలిచానంటుందని ఆమెకి చాలా రోజులు చెప్పలేదు. ఒక్కరైనా నమ్మాలి కదా అని చివరికి చెప్పేశాను. ఆమె నవ్వలేదు. నమ్మింది. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా.

“నిజంగా కూర్చున్నారా?” అంది.

“కూర్చున్నాను.”

“నీళ్లు కూడా తాగారా?”

“తాగాను.”

కళ్లు తుడుచుకుంది.

“పెళ్లయిన దగ్గర్నుంచీ తుమ్ముతున్నాను, నాకోసం ఒక్కసారి ఆగారా? ముక్కూ మొహం తెలియనివాడు తుమ్మితే మాత్రం బుద్ధిగా కూర్చుని నీళ్లు తాగొచ్చారు!”